నందివర్ధనం అడిగితే గన్నేరు ఇచ్చారు: విజయవాడలో ఒక నర్సరీ అనుభవం

5కి 3 ఇస్తున్నాను. నర్సరీ ఆటోనగర్ వైపు ఉంది. తప్పు చెప్పగానే వాదించకుండా ఒప్పుకున్నారు కాబట్టి పేరు రాయడం లేదు.

ముందు మంచి సంగతులు. మొక్కలు ఆరోగ్యంగా ఉన్నాయి. ఎర్రమట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపి కుండీ కూడా వాళ్ళే నింపి ఇస్తారు, రేట్లు కూడా పర్లేదు, నేను తీసుకున్న కవరు మొక్క 120 రూపాయలు. అత్తయ్య గారికి పూజకి కావాలని ముద్ద నందివర్ధనం అడిగాను. అక్కడున్న కుర్రాడు "తెల్లపూలదే కదా మేడమ్" అని ఒక మొక్క తెచ్చి ఆటోలో పెట్టేశాడు. పూలు లేవు, మొగ్గలు లేవు, నాకూ అప్పటికి అంత తెలీదు.

ఇంటికొచ్చాక అత్తయ్య గారు కొమ్మ పట్టుకుని, ఒక కణుపు దగ్గర వేలు పెట్టి ఆకులు లెక్కపెట్టారు. మూడు. దాని పై కణుపు దగ్గరా మూడే. "ఇది నందివర్ధనం కాదమ్మా, గన్నేరు. ముందు బాబుని అవతలికి తీసుకెళ్ళు" అన్నారు. మా బాబుకి రెండున్నరేళ్ళు, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే వయసు. నాకు కాళ్ళు వణికాయి.

పూలు లేనప్పుడు గుర్తుపట్టడానికి ఆకు చాలు. గన్నేరు ఆకు కత్తిలా సన్నగా, పొడుగ్గా, దళసరిగా ఉంటుంది, నడిమి ఈనె లేతరంగులో తేలి కనిపిస్తుంది, ఎక్కువగా కణుపుకి మూడేసి ఆకులు వస్తాయి. నందివర్ధనం ఆకు దానికంటే వెడల్పు, నిగనిగలాడుతుంది, అంచు కాస్త అలలుగా ఉంటుంది, ఎదురెదురుగా రెండేసి వస్తాయి. రెండూ ఒకే కుటుంబం మొక్కలు, కొమ్మ తుంచితే రెండిటికీ జిగురు పాలు కారతాయి, అందుకని పాలు చూసి తేల్చుకోవద్దు. పేర్లు ఇంకో తలనొప్పి. దేవగన్నేరు, బిళ్ళగన్నేరు, పచ్చగన్నేరు, అన్నీ వేరువేరు మొక్కలు.

గన్నేరులో ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే. అందులోని ఓలియాండ్రిన్ నేరుగా గుండె మీద పనిచేస్తుంది, వాంతులు, విరేచనాలు, తర్వాత గుండె కొట్టుకోవడం మందగించి లయ తప్పుతుంది. ఆకు ఎండినా విషం పోదు. 2024 మేలో కేరళలో గుళ్ళ నిర్వహణ చూసే తిరువాంకూరు దేవస్వం బోర్డు ఈ పూలని నైవేద్యంలో, ప్రసాదంలో వాడటం ఆపేసింది. ఎవరైనా నమిలారని అనుమానం వస్తే ఇంటి వైద్యాలు చేస్తూ కూర్చోకుండా, ఆ కొమ్మ ఒకటి పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

మర్నాడు వెళ్ళి ఓనర్‌కి చెప్తే నందివర్ధనం ఉచితంగా ఇచ్చి, గన్నేరు కూడా ఉంచుకోమన్నారు. పారేయడానికి మనసొప్పలేదు, గుంటూరు బ్రాడీపేటలో మా అమ్మ వాళ్ళ మేడ మీదకి పంపేశాను. అక్కడ చిన్నపిల్లలు లేరు. ఎండ ఎంత తగిలితే అంత సంతోషం దానికి, మన మే నెల ఎండలకి కూడా వాడలేదు, హైవే డివైడర్ల మీద ఇదే ఎందుకు వేస్తారో అప్పుడు అర్థమైంది. నీళ్ళు నిలవకుండా చూస్తే చాలు. కొత్త చిగుళ్ళకే పూస్తుంది, అందుకే ఒక విడత పూలు అయిపోయాక అమ్మ గ్లౌజులు వేసుకుని కొమ్మలు కత్తిరిస్తుంది. ఆ కొమ్మల్ని కాల్చకూడదు, పొగ కూడా మంచిది కాదు. వీధి చెత్తకుండీలో అలాగే పడేస్తే ఆవులు తింటాయి, కాబట్టి సంచిలో గట్టిగా కట్టి చెత్తబండి వాళ్ళకి చెప్పి మరీ ఇస్తుంది.

సాయంత్రం మేడ ఎక్కితే ఆ పూల వాసన తియ్యగా, మెత్తగా వస్తుంది, అమ్మకి అదంటే ప్రాణం. పోయినసారి వెళ్ళినప్పుడు ఒక ఆకు అడుగున వెండి పూత పూసినట్టున్న గూడు వేలాడుతోంది, నా చీర రంగు అందులో కనిపించేంత మెరుపు. గన్నేరు ఆకు తిని పెరిగే నల్ల సీతాకోకచిలుక ప్యూపా అది. మనకి విషమైనది దాని పిల్లలకి తిండి. అందుకే ఇప్పుడు అమ్మ పసుపురంగు పేనుబంక పట్టిన కొమ్మలకి మాత్రమే వేపనూనె కొడుతోంది.

రెండు స్టార్లు తగ్గించింది మొక్క మారిపోయినందుకు కాదు. విషమున్న మొక్క అమ్మేటప్పుడు ఇంట్లో పిల్లలున్నారా అని ఒక్క మాట అడగనందుకు. ఓనర్‌కి అదే చెప్పాను, బోర్డులు పెడతామన్నారు. నిన్న వెళ్ళి చూశాను. గన్నేరు వరస ముందు అట్టముక్క మీద స్కెచ్‌పెన్నుతో "విషం, నోట్లో పెట్టరాదు" అని రాసి పెట్టారు. పక్కనే పచ్చగన్నేరు వరసకి లేదు. దాని గింజలూ విషమే, పిల్లలేమో ఆ కాయలు ఏరుకుని ఆడుకుంటారు. దానికీ పెట్టమని చెప్పి వచ్చాను.