విజయవాడలో గిటార్ పార్టులు మార్పిస్తున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

క్రిస్మస్ సీజన్ దగ్గర పడుతోంది. విజయవాడ, గుంటూరు చర్చి టీముల్లో వాయించే తమ్ముళ్లు చాలామంది ఈ టైములోనే ఎలక్ట్రిక్ గిటార్‌కి కొత్త కీస్ (తీగలు బిగించి శ్రుతి చేసే పిడులు), కొత్త బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం) వేయించుకుంటారు. దయచేసి పార్టు చేతిలోకి తీసుకుని చూడకుండా, దగ్గరుండి బిగించుకోకుండా గిటార్‌ని ఏ షాపులోనూ వదిలి రావద్దు. విజయవాడలో ఒక షాపులో నాకు జరిగింది చెబుతాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు.

నాది స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్) మోడల్. ఖరీదైనది కాదు గానీ నెక్ చేతికి బాగా అలవాటైపోయింది. వామీ బార్ (స్వరాన్ని ఊపడానికి బ్రిడ్జికి బిగించే కడ్డీ) వాడితే చాలు, శ్రుతి తప్పేది. "లాకింగ్ కీస్, స్టీల్ బ్లాక్ వేద్దాం బ్రదర్, రెండూ ఇంపోర్టెడ్, ఇక కదలదు" అన్నారు షాపువాళ్లు. లాకింగ్ కీస్ అంటే తీగని జారకుండా బిగించి పట్టుకునే కీస్. బ్లాక్ అంటే బ్రిడ్జి కింద ఉండే లోహపు దిమ్మ, వామీ బార్ బిగిసేది దానిలోకే. పార్టులకూ సెటప్‌కూ కలిపి రూ.9,500 తీసుకుని, సాయంత్రం రమ్మన్నారు. బిగించేటప్పుడు పక్కనే ఉంటానంటే లోపల చోటు లేదన్నారు.

ఇంటికొచ్చాక కొన్నాళ్లు బాగానే ఉంది. తర్వాత ఒకరోజు ప్రాక్టీసులో వామీ బార్ వదులైంది. బిగిస్తుంటే ఊరికే తిరుగుతోంది, బ్లాక్ లోపలి మర అరిగిపోయింది. స్టీల్‌లో మర ఇంత త్వరగా పోదే అని వెనక ప్లేటు విప్పి అయస్కాంతం పెట్టి చూశాను. స్ప్రింగులకు టక్కున అంటుకుంది. బ్లాక్‌కి పెడితే జారి కింద పడింది. బ్లాక్ అంచున గ్రే పెయింటు కొంచెం గీకితే, పక్క పొడవునా సన్నటి అతుకు గీత కనిపించింది. అచ్చులో పోసిన ముక్కకి ఉండే గీత అది. అంటే స్టీల్ పేరు చెప్పి జింక్ పోత ముక్కకి రంగేసి బిగించారు.

1954లో స్ట్రాటోకాస్టర్ మొదటిసారి వచ్చినప్పుడు ఈ బ్లాక్ స్టీల్‌దే. తక్కువ రేటు గిటార్లలో ఖర్చు తగ్గించడానికి జింక్ పోత వాడతారు. జింక్ అని చెప్పి జింక్ రేటుకి అమ్మితే నాకు ఏ అభ్యంతరమూ లేదు. తూకం చూసి పోల్చుకోవచ్చని కొందరంటారు, దాన్ని నమ్ముకోకండి. ఒకే సైజులో ఉంటే రెండింటి బరువులో పెద్ద తేడా తెలియదు. జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకోవడమే మేలు.

షాపుకెళ్లి అడిగితే "స్టెయిన్‌లెస్ స్టీల్‌కి అయస్కాంతం అంటదు బ్రదర్" అన్నారు. ఈ మాట మీకూ చెబుతారు, అందుకే రాస్తున్నాను. కొన్ని రకాల స్టెయిన్‌లెస్‌కి సరిగ్గా అంటుకోని మాట నిజమే. కానీ నాకు అమ్మేటప్పుడు చెప్పింది కోల్డ్ రోల్డ్ స్టీల్ (స్టెయిన్‌లెస్ కాని మామూలు స్టీల్) అని. దానికి అయస్కాంతం గట్టిగా పట్టుకుంటుంది. పైగా స్టెయిన్‌లెస్ ముక్కకి గ్రే పెయింటు ఎందుకు వేస్తారు? దీనికి జవాబు రాలేదు.

కీస్ సంగతి కూడా అంతే. పేరున్న జపాన్ కంపెనీ బాక్సు, దాని మీద 18:1 అని ఉంది. అంటే పోస్టు (తీగ చుట్టుకునే కడ్డీ) ఒక చుట్టు తిరగాలంటే కీని 18 సార్లు తిప్పాలి. తీగ విప్పేసి, పోస్టు మీద మార్కర్‌తో చుక్క పెట్టి తిప్పితే 14కే చుక్క మళ్లీ మొదటి చోటికి వచ్చేసింది. బాక్సు ఒకరిది, సరుకు ఇంకొకరిది. దానికంటే నాకు ఎక్కువ బాధ కలిగించింది హెడ్‌స్టాక్ (కీస్ బిగించే గిటార్ తల భాగం). పాత స్క్రూ రంధ్రాలు కొత్త కీస్‌కి కలవకపోతే, ముందు సన్నటి డ్రిల్‌తో రంధ్రం వేయకుండా స్క్రూలు నేరుగా చెక్కలోకి దించేశారు. మూడో తీగ కీ వెనక వెంట్రుక మందం చీలిక వచ్చింది. పార్టు మళ్లీ కొనుక్కోవచ్చు, ఆ చెక్కని ఎక్కడ తెచ్చుకోను?

పోనీ నా పాత పార్టులు ఇవ్వమంటే స్క్రాప్‌లో పోయాయన్నారు. బిల్లు చూస్తే తెల్ల కాగితం మీద "గిటార్ సర్వీస్" అని ఒకే ముక్క. బ్రాండు పేరు లేదు, మోడల్ లేదు, జీఎస్టీ నంబరూ లేదు.

అసలు శ్రుతి తప్పడానికి కారణం చాలాసార్లు కీస్ కాదు, నట్ (నెక్ పై చివర తీగలు కూర్చునే గాళ్లున్న చిన్న పట్టీ). ట్యూన్ చేస్తున్నప్పుడు నట్ దగ్గర "టింగ్" మని చప్పుడొచ్చి స్వరం ఒక్కసారిగా ఎగిరిందంటే తీగ గాడిలో ఇరుక్కుంటున్నట్టే. గాడి సరిచేయించి, పెన్సిల్ పొడి కొంచెం రాసి చూడండి. వేలు పోసి కీస్ మార్పించే ముందు ఇది చేయమని ఏ షాపువాళ్లూ చెప్పరు.

బ్రిడ్జి మార్చక తప్పదనుకుంటే స్కేలు తీసుకుని, బ్రిడ్జిని బాడీకి పట్టి ఉంచే ఆరు స్క్రూల్లో మొదటిదాని మధ్య నుంచి చివరిదాని మధ్యకి కొలవండి. పాత అమెరికన్ కొలత 56 మి.మీ. దగ్గర ఉంటుంది. ఆసియాలో తయారైన చాలా మోడళ్లకు 52 నుంచి 54 మధ్య వస్తుంది. ఆ తేడా చూసుకోకుండా తెస్తే, షాపులో మీ గిటార్ బాడీకి మళ్లీ రంధ్రాలు పెడతారు. బాడీ పలచగా ఉంటే ఫుల్ సైజు బ్లాక్ వెనక నుంచి బయటికి పొడుచుకొస్తుంది, ఆ లోతూ కొలుచుకోండి.

బిల్లు మీద బ్రాండు, మోడల్, లోహం పేరు రాయించండి. పాత పార్టులు కవర్లో వేసి ఇవ్వాలని ముందే చెప్పండి. గిటార్ ఇచ్చే ముందు హెడ్‌స్టాక్ వెనక వైపు, బ్లాక్ ఫొటోలు తీసుకోండి. నా దగ్గర పాత ఫొటోలు ఉండబట్టే చీలిక వాళ్ల దగ్గరే వచ్చిందని చూపించగలుగుతున్నాను.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాయకపోతే, లోపమున్న సరుకుని 30 రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వాలి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. రూ.5 లక్షల లోపు కొనుగోళ్ల కేసులకు అక్కడ ఫీజు లేదు.

ఈ మధ్య విజయవాడలో గ్రే రంగు బ్లాక్ వేయించుకున్నవాళ్లు ఒకసారి వెనక ప్లేటు విప్పి అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే ఫొటో, బిల్లు నాకు మెసేజ్ చేయండి. నలుగురి బిల్లులు కలిపి పెడితే ఫిర్యాదుకి బలం వస్తుంది.