పదికె పరిగెత్తాను, కాగితం మీద మాత్రం ఐదే

10కె, అంటే పది కిలోమీటర్ల పరుగు పందెం, ఎంట్రీకి వెయ్యి, దాని మీద జీఎస్టీ 180, ఆ పైన కన్వీనియెన్స్ ఫీజు అని ఇంకో 41. మొత్తం 1,221 రూపాయలు కట్టి, అనంతపురం నుంచి బెంగళూరికి బస్సెక్కి పోయి, ఆరేళ్ళుగా పరిగెత్తుతున్నవాణ్ణి నా బెస్ట్ టైము కొట్టి, చివరికి 5కె నడిచినవాళ్ళ జాబితాలో తేలాను. జనవరిలో జరిగింది. ఇప్పటికీ కడుపుమంట చల్లారలేదు కాబట్టి రాస్తున్నా.

రేసు వైట్‌ఫీల్డ్ వైపు. బస్సు దిగేది మెజెస్టిక్‌లో కదా అని అక్కడే లాడ్జి తీసుకున్నా, రాత్రికి 1,350. ఇది నా తప్పే. బిబ్, అంటే చొక్కాకి గుచ్చుకునే నంబరు కాగితం, ఇచ్చేది శనివారం సాయంత్రం ఐదు లోపలే, అదీ వైట్‌ఫీల్డ్ మాల్‌లో. రేసు రోజు ఇవ్వరట. ఊరి నడుమ నుంచి ఆ కొసకి పోయి రావడానికే శనివారం అయిపోయింది. ఎల్ సైజు టీషర్టు అడిగితే ఎస్ చేతిలో పెట్టారు. "ఎల్ ఖాళీ సార్, సాగుతుంది" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. బిబ్‌కి పిన్నీసులు రెండే. మిగతా రెండూ మా ఆవిడ చీర కుచ్చిళ్ళ నుంచి తీసి ఇచ్చింది, ఆ మొహం మాత్రం అడక్కండి.

లాడ్జిలో వేడినీళ్ళు ఆరు నుంచి తొమ్మిది దాకానే. రేసేమో ఆరుకి. నాలుగున్నరకి చన్నీళ్ళు పోసుకుని బయటపడ్డాం. ఆదివారం మెట్రో ఏడింటికి గానీ కదలదు, అందుకని టాక్సీ, 640. బయటి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకి నా సలహా ఒక్కటే: మెజెస్టిక్ మోజు మానుకుని, రేసు మొదలయ్యేచోటికి నడిచిపోయేంత దూరంలో గది తీసుకోండి. రెండొందలు ఎక్కువైనా పర్వాలేదు.

అక్కడికి పోతే బ్యాగులు పెట్టుకునే కౌంటరే లేదు. మైకులో జుంబా మాత్రం దద్దరిల్లిపోతోంది. మా ఆవిడ బ్యాగు, నా స్వెట్టరు, ఫోను పట్టుకుని ఫుట్‌పాత్ మీద కూర్చుని, "ఇందుకా నన్ను పిల్చుకొచ్చింది?" అంది. ఆరుకన్నది ఆరూ ఇరవైకి వదిలారు. అదీ 10కె, 5కె కలిపి ఒకేసారి. పిల్లల బండ్లు తోసుకుంటూ, సెల్ఫీ కర్రలు పట్టుకుని నడిచేవాళ్ళు ముందు వరసల్లో. మొదటి అర కిలోమీటరు జాతరలో దారి చేసుకుంటూ పోయినట్టే పోయాను.

ఆ తర్వాత కాళ్ళు వాటంతటవే పోయాయి. బెంగళూరు సముద్రమట్టానికి 920 మీటర్ల ఎత్తు, మా ఊరి కంటే ఐదొందల మీటర్లకు పైనే. గాలి కాస్త పలచనే గానీ, ఆ చలిలో అది తెలియనే లేదు. మా ఊళ్ళో ఏడు దాటితే ఎండ వీపు మీద కూర్చుంటుంది. ఇక్కడ ఐదో కిలోమీటరుకి కూడా చొక్కా పూర్తిగా తడవలేదు. సగం దూరానికి వాచీలో 26 నిమిషాల 20 సెకన్లు. అంత వేగం నాకు కొత్త, ఎక్కడో కూలబడతానని భయం కూడా.

నీళ్ళు రెండు కిలోమీటర్లకోసారి అన్నారు. మొదటిది నాలుగో కిలోమీటరు దగ్గర కనబడింది. బల్ల మీద ఇరవై లీటర్ల క్యాను ఉంది, గ్లాసులు లేవు. ఒకాయన దోసిలి పట్టి తాగుతున్నాడు. ఆరో కిలోమీటరు దగ్గర గ్లాసులు ఉన్నాయి, క్యాను ఖాళీ. ఆ పక్క నుంచే నీళ్ళ ట్యాంకర్లు ఒకదాని వెనక ఒకటి అపార్ట్‌మెంట్లకి పోతున్నాయి, రోడ్డంతా కారుకుంటూ. ట్రాఫిక్ ఆపినవాడు లేడు. పాలవ్యాను ఒకటి నా మోచేతిని రాసుకుంటూ పోయింది.

యూటర్న్ దగ్గర అసలు కథ. కోను లేదు, దారి చూపే మార్షల్ లేడు. ముందున్నవాళ్ళు నేరుగా పోతూనే ఉన్నారు, నేనూ పోయాను. ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ కేకేసి చేతులూపుతున్నాడు. నా చొక్కా మీద అనంతపురం అన్న అక్షరాలు చూశాడో ఏమో, "యాడికి పోతావన్నా, వెనక్కి తిరుక్కో! అందరూ తప్పు పోతాండారు!" అన్నాడు. కదిరి పక్క ఊరట, తర్వాత వెతుక్కుంటూ పోయి కలిస్తే చెప్పాడు. ఆ రోజు ఆ దారిలో నాకు కనబడిన మార్షల్ అతనొక్కడే, రేసుతో అతనికేం సంబంధం లేకపోయినా.

నా వాచీలో పది కిలోమీటర్లు 51:36కి పడ్డాయి. గీత దాటేసరికి 10.24 కిలోమీటర్లు, 52:50. నా పాత బెస్టు 54:12. సరిగా కొలిచే రేసుల్లో చక్రం తిరుగుళ్ళు లెక్కపెట్టే జోన్స్ కౌంటర్ బిగించిన సైకిలుతో, మలుపుల్లో దగ్గరి గీత పట్టుకుని కొలుస్తారు. తక్కువ పడకుండా కిలోమీటరుకి ఒక మీటరు కలుపుతారు కూడా. జీపీఎస్ వాచీ మామూలుగానే కొంచెం ఎక్కువ చూపిస్తుంది, అది ఒప్పుకుంటా. కానీ దారి తప్పి అదనంగా తిరిగి కూడా బెస్టు వచ్చిందంటే, తక్కువ దూరం పరిగెత్తావని ఎవరూ అనలేరు కదా.

అల్పాహారం అట్టపెట్టెలు అప్పటికే అయిపోయాయి. పతకాలు కూడా కాసేపు వెతికి ఇచ్చారు. మా ఆవిడ మొహం మళ్ళీ మాడింది. మెట్రో స్టేషన్‌కి పోయేదారిలో ఒక చిన్న దర్శిని, అదే నిలబడి తినే టిఫిన్ హోటలు, కనబడితే అక్కడే తిన్నాం. చౌచౌ బాత్ రెండు, 140. ఒక పక్క ఖారా బాత్, ఒక పక్క కేసరి బాత్, మధ్యలో కొబ్బరి చట్నీ. ఖారా బాత్‌లో వాంగీబాత్ పొడి ఘాటు, కేసరి నుంచి కారుతున్న నెయ్యి. ఖారా బాత్ అన్నా ఉప్మానే, ఉప్మా అంటే మొహం తిప్పుకునే మా ఆవిడ ఇంకో ప్లేటు చెప్పింది. ఫిల్టర్ కాఫీ 20. తిరుగు మెట్రో ఇద్దరికీ కలిపి రెండొందలు కూడా కాలేదు, దారంతా కూర్చునే వచ్చాం. మొత్తం యాత్రలో డబ్బుకి న్యాయం జరిగింది ఈ రెండింటిలోనే.

రెండు రోజులకి ఫలితాలు వచ్చాయి. నా బిబ్ నంబరు 10కెలో లేదు. వెతగ్గా వెతగ్గా 5కెలో దొరికింది, 52:50, నడిచినవాళ్ళ మధ్య. సర్టిఫికెట్ కూడా అలాగే. ఇంట్లో ప్రింటు తీస్తే మా నాయన కళ్ళజోడు సర్దుకుని చదివి, "ఐదు కిలోమీటర్లకి యాభై రెండు నిమిషాలా? దీనికి బెంగళూరు దాకా యాల పోయినావురా?" అన్నాడు.

మూడు మెయిళ్ళు పెట్టాను, వాచీ ఫైలు, మా ఆవిడ తీసిన వీడియో జతచేసి. వీడియోలో ముగింపు ఆర్చి మీది గడియారం కింద నేను కనబడతాను, పైన 53:18. అది తుపాకీ పేలినప్పటి నుంచి లెక్క, నాది మొదలు గీత దాటినప్పటి నుంచి, అందుకే ఆ 28 సెకన్ల తేడా. మూడో మెయిలుకి జవాబొచ్చింది, వచ్చే ఏడాది ఎంట్రీలో పది శాతం తగ్గింపు కూపన్.