అద్దకం బల్ల దగ్గర ఒక పూట, నాట్యం నేర్చుకునే వేళ మరొక పూట: కృష్ణా జిల్లాలో నాలుగు రోజులు

సంక్రాంతి వెళ్లిన మరుసటి వారం అమ్మతో కలిసి కృష్ణా జిల్లాకు బయలుదేరినప్పుడు మేము ఒకే నియమం పెట్టుకున్నాము. ఏ ఊరికి వెళ్లినా అక్కడి వారు పనిలో ఉండే వేళకు చేరుకోవాలి. కలంకారీ బట్ట హైదరాబాదులోనూ దొరుకుతుంది, కూచిపూడి నాట్యం రవీంద్రభారతిలోనూ చూడవచ్చు. అవి పుట్టిన ఊళ్లకు వెళ్లి కూడా దుకాణమూ వేదికా మాత్రమే చూసి తిరిగి వస్తే అంత దూరం వెళ్లిన ఫలం దక్కదని మా నమ్మకం.

ఆ నియమాన్ని మొదటి రోజే తప్పాము. విజయవాడలో ఒక ట్రావెల్స్ వారి దగ్గర కళాగ్రామాల యాత్ర పేరుతో కారు మాట్లాడుకున్నాము. హోటల్ గది శుభ్రంగా ఉంది, కారు వేళకు వచ్చింది, డ్రైవరు మర్యాదస్తుడు. అయితే అతను మమ్మల్ని తీసుకువెళ్లింది దారిపక్కన ఉన్న ఒక పెద్ద షోరూముకు. చేత్తో అద్దిన బట్ట అని చూపించిన దుప్పట్లలో ప్రతి పువ్వూ పక్క పువ్వుతో వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది. తిరగేసి చూస్తే వెనకవైపు బట్ట దాదాపు తెల్లగానే ఉంది. అది స్క్రీన్ ప్రింటు. స్క్రీన్ ప్రింటు అమ్మడంలో తప్పేమీ లేదు, అదీ ఎందరికో జీవనోపాధి. చేతి అద్దకం పేరు చెప్పి, చేతి అద్దకం ధరకు అమ్మడమే అన్యాయం. అసలు పని ఎక్కడ జరుగుతుందని అడిగితే ఇప్పుడు భోజనాల వేళ అని దాటవేశారు. ఆ సాయంత్రమే విజయవాడ గది ఖాళీ చేసి బందరు చేరుకున్నాము.

బందరులో దిగిన లాడ్జి సాదాసీదాది. వేడినీళ్లు ఉదయం ఏడింటి దాకా రాలేదు, గోడలకు రంగు వేసి చాలా కాలమైనట్టుంది. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను, ఎందుకంటే పెడన అక్కడికి పది కిలోమీటర్ల దూరం, పొద్దున్న ఎనిమిదింటికల్లా అద్దకం బల్ల దగ్గర నిలబడగలిగాము. విజయవాడ నుంచి వస్తే రెండు గంటలు దారిలోనే పోతాయి.

పెడనలో మేము చూసిన కార్ఖానా ఒక పొడవాటి రేకుల షెడ్డు. గోనెలు పరిచి మెత్తగా చేసిన బల్లల మీద కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరవేసిన బట్ట పరిచి ఉంది, దాని రంగు లేత పసుపు. ఒక పెద్దాయన ఎడమచేతి వైపు ఉన్న రంగు పెట్టెలో టేకు అచ్చును మెల్లగా ఒత్తి తీసి, అంతకుముందు వేసిన అచ్చు మూలకు దీని మూలను బొటనవేలితో చూసుకుని ఆనించి, అరచేతి మడమతో ఒక్క దెబ్బ వేస్తున్నారు. ఇనుప తుక్కు, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్లు కరక్కాయ పట్టిన బట్టకు తగలగానే నల్లబడతాయి. గీతలు పూర్తయ్యాక పటిక నీళ్లలో ముంచిన మరో అచ్చు వేశారు. అది పడిన చోట రంగు కనిపించీ కనిపించకుండా ఉంది. "ఇక్కడ ఎరుపేదండీ?" అని అమ్మ అడిగితే ఆయన, "ఇప్పుడు కనపడదమ్మా, ఉడికాక వస్తది" అన్నారు.

ఆ మాట అర్థం కావడానికి మధ్యాహ్నం దాకా ఆగవలసి వచ్చింది. అద్దిన బట్టను కొన్ని రోజులు ఆరనిచ్చి, పారే నీళ్లలో ఉతికి, ఆ తర్వాత పెద్ద గంగాళంలో రంగు నీళ్లతో ఉడికిస్తారు. ముందే ఉతికి సిద్ధం చేసుకున్న గుడ్డలను ఆ పూట గంగాళంలోకి దించారు. ఇద్దరు మనుషులు కర్రలతో ఎత్తి తిప్పుతూ ఉంటే, పటిక పట్టిన చోట్లు మాత్రమే రంగును పట్టుకుని, మొదట గులాబీగా, తర్వాత ఇటుక రంగుగా, చివరికి మనకు తెలిసిన ఆ ఎరుపుగా తేలాయి. పూర్వం ఈ ఎరుపుకు చిరివేరు అనే మొక్క వేరు వాడేవారు, ఇప్పుడు ఎక్కువగా అలిజరిన్ అనే రసాయన రంగు వాడుతున్నారు. ఆ సంగతి వారు దాచలేదు, అడగకుండానే చెప్పారు. ముందురోజు షోరూములో విన్న మాటలకూ దీనికీ ఎంత తేడా! నా దృష్టిలో అసలుదనం అంటే ఇదే. పద్ధతి కాలంతో పాటు మారవచ్చు, ఏది మారిందో చెప్పే మనిషి ఎదురుగా ఉండాలి.

అక్కడ చూడటానికి రుసుము ఏమీ లేదు. కానీ మూడు గంటలు వారి పనికి అడ్డంగా నిలబడ్డాము కాబట్టి బేరమాడకుండా రెండు దుప్పట్లు, ఒక చీర కొన్నాము. ఫొటో తీసే ముందు అడిగాము. కొత్త నమూనాల అచ్చులను మాత్రం తీయవద్దన్నారు, తీయలేదు. వానాకాలంలో బట్ట ఆరక పని మందగిస్తుందట, వెళ్లేవారు ఎండ కాసే నెలలు చూసుకోవడం మంచిది.

మరునాడు పొద్దున్న బందరుకోట చూశాము. డచ్చివారి సమాధుల మీద చెక్కిన వంశచిహ్నాలు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ వర్తకస్థానం పెట్టుకోవడానికి ముఖ్య కారణం ఈ బట్టే. గోలకొండ సుల్తానుల కాలంలో పర్షియాకు ఎగుమతి అయినదీ ఈ రేవు నుంచే. కలంతో గీసే పని శ్రీకాళహస్తిది, బందరుది అచ్చుల పని. అయినా రెంటికీ కలంకారీ అన్న పారశీక పేరే స్థిరపడింది. 1864 తుపానులో వేల ప్రాణాలు పోయిన తర్వాత రేవు మళ్లీ పూర్వపు స్థితికి రాలేదు. ఈ నేపథ్యం తెలిపే బోర్డు ఒక్కటైనా మాకు కనిపించకపోవడం బాధ కలిగించింది. బందరు లడ్డు గురించి మాత్రం ఎవరూ చెప్పనక్కరలేదు. శనగపిండి పూసను దంచి బెల్లం పాకంలో నేతితో కట్టిన తొక్కుడు లడ్డు ఆ పూట చేసినది తినాలి, పెట్టెలో మూడు రోజులున్నది వేరు.

ఆ మధ్యాహ్నం ఘంటసాల బౌద్ధ శిల్పాలను కొద్దిసేపు చూసి, కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం వెళ్లాము. కళింగ యాత్రకు వెళ్తూ ఇక్కడ ఆగినప్పుడు ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో చెప్పుకున్నాడు. మేము వెళ్లేసరికి గుడి మూసి ఉంది. గంటన్నర ఆగితే దర్శనం అయ్యేది, కానీ సాయంత్రానికి కూచిపూడిలో ఉండాలి కాబట్టి ద్వారం దగ్గరే నమస్కరించి బయలుదేరాము. గుడి వేళలు ముందుగా కనుక్కోకపోవడం మా పొరపాటు.

కూచిపూడి మధ్యాహ్నం చూసేవారికి మామూలు డెల్టా పల్లె. సాయంత్రం అయిదు దాటాక మారుతుంది. ఒక ఇంటి వసారాలో గురువుగారు చెక్క మీద కర్రతో తాళం వేస్తుంటే పదిహేనుమంది పిల్లలు మోకాళ్లు వంచి అరమండిలో కూర్చుని ఒకే అడుగును మళ్లీ మళ్లీ వేస్తున్నారు. వారిలో పన్నెండుమంది ఆడపిల్లలు. మగవారే స్త్రీవేషం కట్టిన ఊరు ఇది. సిద్ధేంద్రయోగి రాసిన భామాకలాపం అనే నృత్యనాటకంలో సత్యభామ వేషం జీవితంలో ఒక్కసారైనా కట్టాలన్నది ఇక్కడి భాగవతుల ఇళ్లలో మగపిల్లలకు నియమం. తెర మీదుగా సత్యభామ జడ వేయడం గురించి అమ్మ అడిగితే, గురువుగారు పాఠం ఆపి, తన కండువానే తెరగా ఇద్దరు పిల్లల చేత పట్టించి, తాడు ముక్కను జడలా దాని మీదుగా వేసి, వెనక నుంచి మెడ తిప్పి చూపించారు. ఆయన వయసు డెబ్బై పైనే ఉంటుంది. ఆ క్షణం వసారాలో సత్యభామ నిలబడింది. అమ్మ కళ్లు తుడుచుకుంది. పిల్లలు మళ్లీ వరసలో నిలబడ్డారు, కర్ర చెక్క మీద పడింది, ఇందాక ఆపిన అడుగు దగ్గరనుంచే పాఠం సాగింది.