కాకినాడలో ఫ్రెంచి తరహా వైన్ బార్: రెండేళ్ల వాడకం తర్వాత

నెలకు రెండు మూడుసార్ల చొప్పున రెండేళ్లు వెళ్లాక తేలిన సంగతి ఇది: ఇక్కడ చేప, తెల్ల వైన్ కళ్లు మూసుకుని చెప్పొచ్చు. ఎర్ర వైన్ మాత్రం అడిగి, చూసుకుని తాగాలి. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్నా ఈ వంటకీ దానికీ చుట్టరికం లేదు. మెనూ పారిస్ బార్ల పద్ధతిలో ఒక్క పేజీయే.

ఎర్ర వైన్‌ను గది వేడిమిలోనే పోయాలన్న మాట చలిదేశంలో పుట్టింది. అక్కడ గది అంటే 16 నుంచి 18 డిగ్రీలు. మన ఉక్కలో, ఏసీ తిరుగుతున్నా, అలమరలో నిలబెట్టిన సీసా 27, 28 మీద ఉంటుంది. అప్పుడు ఆల్కహాలు ముక్కుకు ఘాటుగా తగిలి పండు వాసనను మింగేస్తుంది. బకెట్లో ఐసు, నీళ్లు సగం సగం పోయించి పది పన్నెండు నిమిషాలు ఉంచండి. ఒట్టి ఐసు ముక్కలు సీసాకు అంతటా ఆనవు, ఆలస్యమవుతుంది. తెల్లవి ఎలాగూ చిల్లర్‌లోంచే వస్తాయి.

గ్లాసుకు 150 మిల్లీలీటర్లు, అంటే 750 సీసాకు ఐదు. సీసా ధర సుమారు నాలుగు గ్లాసుల ధరే కాబట్టి ఇద్దరు రెండేసి తాగేట్టయితే సీసాయే నయం. గ్లాసు లెక్కన తీసుకుంటే మూత ఎప్పుడు తీశారో అడగండి. వారం మధ్యలో అమ్మకం తక్కువ. మూడు రోజులు దాటిన ఎర్రది పుల్లబడుతుంది, తెల్లది రంగు ముదిరి కోసి వదిలేసిన ఆపిల్ వాసన కొడుతుంది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది బిరడా దోషం, అంటే బిరడా వల్ల వైన్ పాడైందన్నమాట. మార్చమంటే మారుస్తారు, మొహమాటం వద్దు.

పండుగప్ప మీద వెన్న సాసు ఇక్కడి అసలు గొప్ప. ఉల్లి తరుగును తెల్ల వైన్, వెనిగర్‌లలో ఒకటి రెండు చెంచాలు మిగిలేదాకా మరిగించి, మంట బాగా తగ్గించి చల్లటి వెన్న ముక్కలు ఒక్కొక్కటిగా గిలకొడతారు. 60 డిగ్రీలు దాటితే విరిగి నెయ్యి వేరుగా తేలుతుంది. శనివారం రాత్రి రద్దీలో సాసు పొయ్యి పక్కనే ఉండిపోవడంతో సరిగ్గా అదే జరుగుతుంది. అంచున నూనె కనబడితే తిప్పి పంపండి. ఏడున్నరలోపు వెళ్తే ఈ బెడద లేదు.

వెల్లుల్లి రొయ్యలు కొడవలిలా వంగి వస్తే సరిగ్గా ఉడికినట్టు, ఉంగరంలా ముడుచుకుంటే రబ్బరే. మనవాళ్ల కోరిక మీద పచ్చిమిర్చి దట్టిస్తున్నారు. కారం మీద ఎర్ర వైన్ వగరు చేదెక్కుతుంది. దీనికి నాసిక్ షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌లో కాస్త తీపి ఉన్న రకం పట్టండి, హాయిగా ఉంటుంది.

బాతు కాలు వద్దు. చేలల్లో తిరిగి మేసే మన బాతుకు కొవ్వు తక్కువ, ఎంతసేపు మగ్గించినా పీచుగానే ఉంటుంది. ఉల్లిపాయ సూపు ఫరవాలేదు.

బాగెట్ అనే పొడవాటి ఫ్రెంచి రొట్టెలో కొవ్వు ఉండదు కనుక పూట గడిస్తే ఎండుతుంది. పైపొరేమో మన తేమకు మెత్తబడుతుంది. మళ్లీ ఓవెన్‌లో నాలుగైదు నిమిషాలు పెట్టి తెమ్మంటే పెళుసుగా వస్తుంది. క్రెమ్ బ్రూలే, అంటే పైన పంచదార కాల్చిన కస్టర్డ్, రాగానే చెంచా దించండి. ఈ సముద్రపు గాలికి పైన కాల్చిన పంచదార చూస్తుండగానే జిగురైపోతుంది.