టార్చ్‌లైట్ బాడీ ఏ లోహానిదై ఉండాలి? ఆరేళ్ల వాడకం తర్వాత నా అంచనా

ఒక్క 18650 బ్యాటరీతో (18 మి.మీ. మందం, 65 మి.మీ. పొడవుండే లిథియం అయాన్ బ్యాటరీ) పనిచేసే, దాదాపు ఒకే కొలత గల మూడు టార్చ్‌లైట్లను నేను ఆరేళ్లుగా వాడుతున్నాను. ఒకటి అల్యూమినియంది, రెండోది రాగిది, మూడోది టైటానియంది. కొనేటప్పుడు అందమూ బరువూ చూశాను. వాడగా వాడగా, ఎల్‌ఈడీ వెనక పుట్టే వేడి ఏ దారిన బయటికి పోతుందన్నదే అన్నిటికంటే ముఖ్యమని నాకు తెలిసివచ్చింది.

ఎల్‌ఈడీ చల్లని దీపమని చాలామంది అనుకుంటారు. పాత ఫిలమెంటు బల్బు తన వేడిలో ఎక్కువ భాగాన్ని పరారుణ కిరణాల రూపంలో ముందుకే వెదజల్లేది. ఎల్‌ఈడీ వెలుగులో అంత వేడి లేకపోయినా, అది తీసుకునే విద్యుత్తులో సగానికి పైగా చిప్‌లోనే వేడిగా మారి, కిందనున్న లోహపు పలకలోకి, అక్కడి నుంచి బాడీలోకి, చివరకు గాలిలోకో పట్టుకున్న చేతిలోకో పోవలసి ఉంటుంది. 10 వాట్లు తీసుకునే టార్చ్‌లో 6, 7 వాట్లు ఇలా పోవలసినవే.

ఉష్ణవాహకతను, అంటే ఒక పదార్థం వేడిని ఎంత సులువుగా దాటనిస్తుందన్నదానిని, మీటరుకు, ఒక్కో కెల్విన్‌కు ఇన్ని వాట్లని లెక్కిస్తారు. ఆ లెక్కలో స్వచ్ఛమైన రాగికి సుమారు 390, టార్చ్‌లకు విరివిగా వాడే 6061 అల్యూమినియం మిశ్రమానికి 167, ఇత్తడికి 110 నుంచి 120, స్టెయిన్‌లెస్ స్టీలుకు 15 చొప్పున ఉంటే, ఐదో గ్రేడు టైటానియం మిశ్రమానికి 7 మాత్రమే ఉంది. ఈ చివరి అంకెకు అర్థమేమిటో నా టైటానియం టార్చ్ చేతికే చెప్పింది. పూర్తి వెలుగులో రెండు నిమిషాలు ఉంచితే తల దగ్గరి గాడులు వేలు ఆనించలేనంత కాలుతాయి, తోక వైపు స్విచ్ మాత్రం అప్పుడే సొరుగులోంచి తీసినంత చల్లగా ఉంటుంది. వేడి తలలోనే చిక్కుకుపోవడంతో లోపలి సర్క్యూట్ త్వరగా వెలుగు తగ్గించేస్తుంది. తుప్పెరగని ఆ లోహమంటే నాకు ఇష్టమే కానీ, దానిని తక్కువ వెలుగుకే వాడుతున్నాను.

రాగి టార్చ్ మీద నాకు మొదట్లో ఉన్న నమ్మకం తర్వాత కొంత సడలింది. వేడి నిమిషంలోపే తోక వరకూ సమంగా పాకుతుంది, అందులో సందేహం లేదు. అదే పరిమాణంలో రాగి అల్యూమినియం కంటే 40 శాతం ఎక్కువ వేడిని నిలవ చేసుకోగలదు, అందుకు మూడింతలకు పైగా బరువు మోయాలి. అంటే అల్యూమినియం టార్చ్ ఏడు నిమిషాలకు వెలుగు తగ్గించుకుంటే, రాగిది సుమారు పది నిమిషాల దాకా ఓర్చుకుంటుంది. ఆ తర్వాత రెండూ ఒకే వెలుగు దగ్గర నిలుస్తాయి. ఎందుకంటే అప్పటికి వేడిని నిలవ చేసుకునే చోటు నిండిపోయి, ఇక బయటి ఉపరితలం గాలికి ఎంత వదలగలదన్నదే మిగులుతుంది. నిశ్చలమైన గాలిలో అరచేతిలో ఇమిడే టార్చ్, చుట్టూ ఉన్న గాలికంటే 30 డిగ్రీలు వేడెక్కినా, మూడు నాలుగు వాట్లకు మించి వదలలేదు. పైగా తళతళలాడే రాగి వేడిని కిరణాలుగా చాలా తక్కువ వెలువరిస్తుంది, అనోడైజింగ్ చేసిన (విద్యుత్తుతో పైన ఆక్సైడ్ పొర ఏర్పరచిన) అల్యూమినియం బాగా వెలువరిస్తుంది. ఈ సంగతి తెలిశాక రాగిదానికి మెరుగు పెట్టడం మానేశాను, ఇప్పుడది ముదురు గోధుమరంగుకు తిరిగింది.

అసలు పాఠం మూడో ఏట నా అల్యూమినియం టార్చ్ నేర్పింది. వెలిగించిన కాసేపటికే వెలుగు మందగించి కొద్దిగా నీలంగా మారుతుండేది, బాడీ మాత్రం చల్లగానే ఉండేది. బాడీ చల్లగా ఉంది కదా, వేడి సమస్య కాదులే అని నేను చాలా రోజులు బ్యాటరీనే అనుమానించాను. చివరకు ముందు రింగు విప్పి, గాజునూ రిఫ్లెక్టర్‌నూ తీసి, ఎల్‌ఈడీ పలకను పైకెత్తి చూస్తే కింద రాసిన థర్మల్ పేస్ట్ (పలకకూ బాడీకీ మధ్య సందు నింపి వేడిని దాటించే ముద్ద) ఎండి సుద్దపొడిలా రాలింది. అదీ పలకలో ఒక పక్కనే అంటుకుంది, మిగతా సగం కింద గాలి పొరే ఉంది. గాలి ఉష్ణవాహకత 0.026, వేడికి అది గట్టి అడ్డుగోడే. పాత పొడిని గీకి, స్పిరిట్‌తో తుడిచి, కొత్త పేస్ట్‌ను పలుచగా పూసి పలకను గట్టిగా బిగించాను. ఆ రాత్రి రెండు నిమిషాల్లోనే బాడీ అంతా వెచ్చబడింది. ఆ వెచ్చదనం నాకు ఎంత సంతోషం కలిగించిందో చెప్పలేను, ఎందుకంటే వేడి బయటికి వస్తోందనడానికి అదే గుర్తు.

కాబట్టి కొనేవారు లోహం పేరుతోపాటు, ఎల్‌ఈడీ కూర్చునే అరుగు బాడీతో కలిపి ఒకే ముద్దలోంచి చెక్కినదా, మరలతో బిగించిన విడి ముక్కా అన్నది తప్పక చూడాలి. విడి ముక్క అయితే వేడి ఆ మరల సందుల్లోంచే దాటాలి. పలక రాగిదై, చిప్ నేరుగా దానికే అతికి ఉంటే మరీ మంచిది. ఎక్కువసేపు పూర్తి వెలుగులో వాడేటప్పుడు టార్చ్‌ను తల దగ్గర పట్టుకోండి, అరచేతిలో ప్రవహించే రక్తం గాలికంటే ఎన్నో రెట్లు మెరుగ్గా వేడిని లాగేస్తుంది. పట్టుకోలేనంత కాలితే వెలుగు తగ్గించండి, లిథియం అయాన్ బ్యాటరీ 60 డిగ్రీలు దాటకూడదు.

నేను రోజూ వెంట తీసుకుపోయేది ఇప్పటికీ ఆ అల్యూమినియం టార్చే. అంచుల్లో నల్లపూత అరిగి తెల్లలోహం బయటపడింది, ఒకచోట సొట్ట కూడా ఉంది. మధ్యస్థ వెలుగులో గంటసేపు వెలిగించినా అది గోరువెచ్చగానే ఉండి, మొదటి నిమిషంలో ఇచ్చిన వెలుగునే ఇస్తోంది.