వెలిసిపోయిన నెమలికంఠం: గింప్‌లో కలర్ ప్రొఫైళ్లతో ఆరేళ్లు

మా పిన్ని మంగళగిరి చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతుంది, ఫొటోలు తీసి సైట్‌కి తయారుచేసి పెట్టే పని నాది. 2019 నుంచి అంతా ఫొటోలు సరిచేసే సాఫ్ట్‌వేర్ గింప్ 2.10 మీదే. ఇక్కడ కలర్ ప్రొఫైళ్ల సంగతి ఒక్కటే రాస్తున్నా, అంటే ఫొటోలోని అంకెల్ని ఏ రంగులుగా చదవాలో చెప్పే చీటీల సంగతి.

మొదట్లో నెమలికంఠం రంగు చీర పెట్టిన ప్రతిసారీ పేచీయే. గింప్‌లో బ్రహ్మాండంగా కనిపించిన ఫొటో సైట్‌లోకి ఎక్కాక నాలుగు ఉతుకులు పడ్డ చీరలా తేలిపోయేది. పార్సిల్ అందుకున్న ఒకావిడ ఫోన్ చేసి "ఇంత ముదురుగా ఉందేంటమ్మా, లేత రంగు చూసే కదా కొన్నాను" అన్నారు. పిన్ని నా వైపు చూసింది. నేను మానిటర్‌ని తిట్టుకుని కొత్తదాని ధరలు కూడా చూశాను.

తీరా చూస్తే తప్పు నాదే. ఎక్కువ రంగులు పడతాయని ఎవరో అంటే కెమెరాలో కలర్ స్పేస్ (ఏ అంకెకి ఏ రంగో చెప్పే కొలత) అడోబీ ఆర్‌జీబీకి మార్చి మర్చిపోయాను. చాలా కెమెరాల్లో ఫైల్ పేరు అండర్‌స్కోర్‌తో మొదలైతే అర్థం అదేనట, అది కూడా అప్పుడే తెలిసింది. ఆ ప్రొఫైల్ గనక ఫొటోతో పాటే వెళ్తే బ్రౌజర్ చదువుకుంటుంది, గొడవ లేదు. కానీ సైట్ చిన్న సైజు ఫొటోలు చేసుకునేటప్పుడు దాన్ని పీకేసేది. ప్రొఫైల్ లేకపోతే చాలా బ్రౌజర్లు వెబ్‌లో మామూలుగా వాడే ఎస్ఆర్‌జీబీ అనే అనుకుంటాయి, దాని కొలత వేరు, అంటే సోలల్లో కొలిచిన బియ్యాన్ని గిద్దెల్లో రాసుకున్నట్టు.

మందు ఇమేజ్ మెనూలో కలర్ మేనేజ్‌మెంట్ కింద ఉంది. అసైన్, కన్వర్ట్ రెండూ అక్కడే ఉంటాయి, నేను కొన్నాళ్లు అసైన్ నొక్కి ఫొటోలు పాడుచేసుకున్నాను. అసైన్ పిక్సెల్ అంకెలు ముట్టుకోకుండా పైన చీటీ ఒక్కటే మారుస్తుంది, దాంతో రంగు మారిపోతుంది. కన్వర్ట్ అంకెలు మార్చి రంగు నిలబెడుతుంది. వెబ్‌కి కావాల్సింది ఎస్ఆర్‌జీబీకి కన్వర్ట్, అంతే. ఫైల్ తెరిచినప్పుడు ప్రొఫైల్ ఉంచాలా మార్చాలా అని గింప్ అడిగితే తొందరపడి "మళ్లీ అడగొద్దు" టిక్ పెట్టకండి. నేను పెట్టాను, ఆ తర్వాత ఏ ఫొటో ఏ ప్రొఫైల్‌లో ఉందో చూసుకోవడమే మానేశాను. ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్తే మళ్లీ అడిగేలా మార్చుకోవచ్చు.

జేపెగ్ ఎక్స్‌పోర్ట్‌లో ప్రొఫైల్ సేవ్ చేసే టిక్ కూడా ఉంచండి. మామూలు ఎస్ఆర్‌జీబీ ప్రొఫైల్ బరువు 3 కేబీ, 200 కేబీ ఫొటోకి అదో లెక్కా? అది లేకపోతే ఎక్కువ రంగులు చూపించే మానిటర్లలో ఫైర్‌ఫాక్స్ మామూలు సెట్టింగ్‌తో ఎరుపులు మండిపోతాయి, ఎందుకంటే అది ప్రొఫైల్ ఉన్న ఫొటోలనే సరిచేస్తుంది.

దసరా ముందు అరవై చీరలు ఒకేసారి వస్తే మాత్రం గింప్‌లో ఒక్కొక్కటీ తెరిచే ఓపిక నాకు లేదు, ఒక్క కమాండ్‌తో ఫొటోలన్నీ మార్చే ఇమేజ్‌మ్యాజిక్‌తో కానిచ్చేస్తాను. అందులో స్ట్రిప్ ఆప్షన్ కెమెరా వివరాలతో పాటు ప్రొఫైల్‌నీ మింగేస్తుంది, చూసుకోండి.

ఇప్పుడు రంగు గురించి ఫోన్లు బాగా తగ్గాయి, నెమలికంఠం తప్ప. పడుగు నీలం, పేక ఆకుపచ్చ, మడత కదిపితే రంగు మారే గుడ్డ అది. పైగా ఆ నీలి ఆకుపచ్చల్లో కొన్ని ఎస్ఆర్‌జీబీలో పట్టవు. దానికి మాత్రం పిన్ని ఇప్పటికీ ఎండలో చీర ఊపుతూ వీడియో తీసి వాట్సాప్‌లో పంపుతుంది.