ట్రేలోనా, నారుమడిలోనా, నేరుగా పాదులోనా: ఎండాకాలపు కూరగాయలకు ఏది మేలు?

సంక్రాంతి దాటిందంటే నల్లగొండ, పాలమూరు ఊళ్లలో గుంట (ఎకరంలో నలభయ్యో వంతు) జాగలో కూరగాయలు పెట్టుకునేవాళ్లకు వచ్చే మొదటి ప్రశ్న, గింజ ఎక్కడ మొలిపించాలన్నదే. ఒక్క పద్ధతే అన్ని పంటలకూ మేలంటే నమ్మకండి. వేరు కదిలితే ఆ మొక్క ఓర్చుకుంటుందా లేదా అన్నది ముందు చూడాలి.

టమాట, మిర్చికి ట్రేనే మేలు. గుంట తోటకు 40 టమాట, 25 మిర్చి మొక్కలుంటే చాలు, 98 గుంతల ట్రే ఒక్కటి సరిపోతుంది. కానీ రెండూ ఒకే రోజు వేస్తే చెడుతుంది. టమాట నారు 22 నుంచి 25 రోజుల్లో నాటుకు వస్తుంది, మిర్చికి 35 నుంచి 40 రోజులు కావాలి. ట్రేని కత్తెరతో రెండు ముక్కలు చేసి, మిర్చిని 15 రోజులు ముందే వేసుకోండి. ట్రే గుంతల్లో మట్టికి బదులు నింపే కొబ్బరిపొట్టును రెండుసార్లు మంచినీళ్లలో కడిగి పిండండి. పిడికిట్లో నొక్కితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, ధార కారకూడదు. గుంతకొక గింజ, అర సెంటీమీటరు లోతు. మొలక కనపడేదాకా పైన ప్లాస్టిక్ కప్పి నీడలో పెట్టండి. కనపడ్డ రోజే కప్పు తీసి వెలుతురులోకి మార్చాలి. ఒక్కరోజు ఆలస్యమైనా కాడలు దారంలా సాగిపోతాయి, అవి మళ్లీ గట్టిపడవు.

కొబ్బరిపొట్టులో బలం ఉండదు. విత్తిన 12వ రోజున లీటరు నీటికి 3 గ్రాముల 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) కలిపి పిచికారీ చేయాలి. అంచు గుంతలు ముందుగా ఆరిపోతాయి, నీళ్లు అక్కడినుంచే మొదలుపెట్టండి. ఉప్పుబోరు నీళ్లయితే పొట్టు మీద తెల్లటి పొర కడుతుంది, ఆకు అంచులు మాడతాయి. ట్రే అసలు లాభం నాటే రోజు తెలుస్తుంది. కింద వేలితో నొక్కితే తెల్లటి వేర్లు అల్లుకున్న పొట్టు ముద్ద చెదరకుండా ఊడివస్తుంది, వేరు తెగదు, మొక్క వాడదు. ఇంకోటి, తెల్లదోమ టమాటకు, మిర్చికి ఆకుముడత వైరస్ అంటించేది చాలాసార్లు నారు దశలోనే. రెండు ఇనుప తీగలు వంచి 50 మెష్ వల (దోమ దూరలేనంత సన్న కన్నాలది) కప్పితే ఒక్క ట్రేని కాపాడుకోవడం సులువు. మడికి అంత వల కప్పడం కష్టం.

అలాగని మడి పనికిరాదని కాదు. వంకాయకు మడే చాలు. దాని వేరు మొండిది, 30 నుంచి 35 రోజుల నారు పీకి నాటినా నాలుగు రోజుల్లో తేరుకుంటుంది. మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు, జానెడెత్తు మడి కట్టి, బాగా మాగిన పెంట పది కిలోలు, వేపపిండి అరకిలో కలపండి. గింజలను చల్లకుండా, వరుసకు వరుసకు నాలుగు వేళ్ల దూరం ఇచ్చి విత్తండి. ఒత్తుగా మొలిచి, పొద్దుమాపు కూడా తడి ఆరకపోతే నారుకుళ్లు వస్తుంది. ఆకు పచ్చగానే ఉంటుంది, మట్టిని తాకే చోట కాడ మాత్రం నీరుపట్టి సన్నబడి, మొక్క పక్కకు ఒరుగుతుంది. అప్పుడు లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మడి తడిసేలా పోయాలి. ఒరిగిన మొక్క బతకదు, మందు పక్కవాటి కోసమే.

బీర, కాకర, సొర, దోసను ట్రేలో వేసి పీకి నాటడం వద్దు. వేరు కదిలితే వారం, పది రోజులు మొక్క అలాగే నిలబడిపోతుంది. పాదులోనే మూడు గింజలు, రెండు సెంటీమీటర్ల లోతున పెట్టండి. కాకర గింజ పెంకు గట్టిది కాబట్టి ఒకరోజు నానబెట్టాలి. ఎర్ర చెలక నేలకు ఒక చిక్కుంది: నీళ్లు పోశాక పైన పెచ్చు కట్టి మొలకను లేవనివ్వదు. గింజ మీద మట్టికి బదులు ఇసుక, పొడి పెంట కలిపి కప్పితే లేస్తుంది. ఎక్కువైన మొక్కను పీకకుండా కత్తిరించండి, లేకుంటే పక్కదాని వేరు కదులుతుంది.

ఇక టమాట గింజ జనవరి చివరికల్లా ట్రేలో పడాలి. పగటి ఎండ 35 డిగ్రీలు దాటితే పూత నిలవక రాలుతుంది. ఫిబ్రవరి సగం గడిచాక గుర్తొస్తే ఆ జాగలో బెండ, గోరుచిక్కుడు నేరుగా విత్తుకోండి. ఎండ వాటికి అంత కష్టం కాదు.